ముందు ఎండాలి, తర్వాతే రెజిన్

పెళ్లి దండలోంచి నాలుగు పూలు, పోయిన తాత పటానికి వేసిన మాలలో ఒక చామంతి, బిడ్డ పుట్టిననాడు ఎవరో తెచ్చిచ్చిన గులాబీ. వీటిని అద్దంలా మెరిసే దిమ్మలో పెట్టి ఇంట్లో ఉంచుకోవాలన్న ముచ్చట ఇప్పుడు పట్నాలు దాటి ఊళ్లకూ వచ్చింది. బెంగళూరులో, హైదరాబాదులో పెళ్లి దండను కొరియర్లో తెప్పించుకుని, దాన్ని ఫ్రేముగానో గోడగడియారంగానో చేసి తిప్పి పంపేవాళ్లున్నారు. ఆ వ్యాపారానికి ‘వరమాల ప్రిజర్వేషన్’ అని పేరు. ఫోన్లో అర నిమిషం వీడియో చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: అచ్చులో పువ్వు పెట్టారు, పైన రెజిన్ పోశారు, తెల్లారి ఊడదీశారు, వెనక వీణ సంగీతం. ఆ అర నిమిషానికి ముందు జరిగిన వారం పది రోజుల పని వీడియోలో ఉండదు. అసలు పనంతా ఆ వారంలోనే ఉంది.

రెజిన్ పువ్వును కాపాడుతుందన్న నమ్మకం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. పువ్వును కాపాడేది ఎండటం. ఎండిపోయిన దాన్ని విరగకుండా, తేమ తగలకుండా, పిల్లల చేతికి పొడి కాకుండా పట్టి ఉంచడం ఒక్కటే రెజిన్ చేయగలిగిన పని. ఈ వరస తెలిశాక, ఈ విద్యకు తగిన ఊళ్లు ఏవని లెక్క తీస్తే కదిరికీ ధర్మవరానికీ మధ్య ఉన్న ముదిగుబ్బ ముందు వరసలో ఉంటుంది. ఏ పోటీలోనూ మనకు ఇలాంటి సానుకూలత దొరకలేదు కాబట్టి దీన్ని కాస్త వివరంగానే చెప్పుకుందాం.

అప్పుడే కోసిన పువ్వు బరువులో ఎక్కువ భాగం నీళ్లే. రేకుల్లోనైతే నూటికి ఎనభై, తొంభై పాళ్ల దాకా ఉంటాయి. కోసిన క్షణం నుంచి కొత్త నీళ్లు రావు, ఉన్నవి పోతుంటాయి. కణాల గోడలు సడలుతాయి, లోపల విడివిడిగా ఉండాల్సిన రసాలు కలిసిపోయి గోధుమరంగు తిరుగుతాయి. అలాంటి పచ్చి పువ్వును రెజిన్లో ముంచితే ఆ నీళ్లకు బయటికి దారి మూసేసినట్టే. రేకుల చుట్టూ బుడగలు లేస్తాయి, గట్టిపడే రసాయనానికి తేమ తగిలి మసక కమ్ముతుంది, కొన్ని వారాలకు పువ్వు కాఫీ రంగుకు వస్తుంది. పైన దిమ్మ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి సంగతి అందరికీ బాగా కనపడేలా.

చదువుకున్నవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. మరి కోట్ల ఏళ్ల నాటి పూలు అంబర్లో ఎలా నిలిచాయి? వాటిని ఎవరు ఎండబెట్టారు? మంచి ప్రశ్నే. బాల్టిక్ సముద్ర తీరంలో దొరికిన ఒక అంబర్ ముక్కలో దాదాపు 2.8 సెంటీమీటర్ల పువ్వు ఉంది. ఇంతవరకు అంబర్లో దొరికిన పూలన్నిటిలో అదే పెద్దది. వయసు 3.4 కోట్ల నుంచి 3.8 కోట్ల ఏళ్లు. 1872లో దాన్ని మొదట వర్ణించినప్పుడు వేరే జాతి అనుకున్నారు. 2023లో పుప్పొడి తీసి మళ్లీ పరీక్షించినవాళ్లు అది సింప్లోకాస్ జాతిదని తేల్చారు. మన అడవుల్లో ఆయుర్వేదంవాళ్లు బెరడు కోసం వెతికే లొద్దుగ చెట్టుకు చుట్టమన్నమాట. ఆ పువ్వు మీద కారింది చెట్టు జిగురు. చెట్టు జిగురుకు తాను తాకినదానిలోని నీటిని లాగే గుణం, కుళ్లబెట్టే క్రిముల్ని చంపే గుణం రెండూ ఉన్నాయి. అంటే అక్కడా ముందు జరిగింది ఎండటమే, ఆ పని కూడా జిగురే చేసిపెట్టింది. దుకాణంలో రెండు సీసాల్లో వచ్చే ఎపాక్సీకి ఆ దయ లేదు. నువ్వు ఎలా ఇస్తే అలా పట్టుకుంటుంది.

రెజిన్ చుక్క లేకుండా పూలు తరాలపాటు నిలవడం చూడాలంటే బాల్టిక్ దాకా పోనక్కర్లేదు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం, అంటే ఎండిన మొక్కల్ని కాగితాల మీద దాచే చోటు, ఉంది. జిల్లా మొక్కల మీద పుల్లయ్య, యశోద కలిసి రాసిన ‘ఫ్లోరా ఆఫ్ అనంతపూర్ డిస్ట్రిక్ట్’ 1989లో వచ్చింది. అలాంటి పుస్తకాల వెనక ఇలాంటి ఎండిన మొక్కల కాగితాలే సాక్ష్యం. పద్ధతి చెప్పాలంటే రెండు వాక్యాలు: మొక్కను కాగితాల మధ్య పరిచి బరువు పెట్టు, తడిసిన కాగితాలు రోజూ మార్చు. పూర్తిగా ఎండాక గట్టి అట్ట మీద అంటించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారో మూలన రాయి. వృక్షశాస్త్రవేత్త లినేయస్ దాచిన పద్దెనిమిదో శతాబ్దపు మొక్కలు లండన్‌లో ఇవాళ్టికీ చూడటానికి ఉన్నాయి. తేమ, పురుగు, ఈ రెండూ రాకుండా చూసుకున్నారు, అంతే.

తేమ విషయానికొస్తే, ముదిగుబ్బ కరువు సీమలో ఉంది. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికొచ్చేసరికి చేతులు దులుపుకుని వస్తాయి. ఈశాన్య రుతుపవనానికి సముద్రం దూరం. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ అన్ని నెలలకంటే ఎక్కువ సెప్టెంబరు, అక్టోబరుల్లో పడాలి, పడితే. ఫిబ్రవరి దాటాక మధ్యాహ్నం గాలిలో తేమ ముప్పై శాతం కిందికి దిగుతుంది. శెనక్కాయ రైతుకు ఇది శాపం. మిద్దె మీద వడియాలు పెట్టే అవ్వకు వరం. పువ్వు ఎండబెట్టేవాళ్లు అవ్వ పక్షం. విశాఖలోనో మచిలీపట్నంలోనో సిలికా జెల్ డబ్బా లేకుండా కాని పని ఇక్కడ గాలే సగం చేసేస్తుంది. 2022 ఏప్రిల్ 4న ముదిగుబ్బ అనంతపురం జిల్లాలోంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది. గాలి మాత్రం మారలేదు.

అయితే ఏ పువ్వైనా ఎండుతుందనుకుంటే పొరపాటు. ఏది నిలుస్తుందో దాని రంగు చెబుతుంది. బంతి, పసుపు చామంతి రంగు కెరోటినాయిడ్లది. ఎండినా ఆ పసుపు, ఆ నారింజ పెద్దగా తగ్గవు. ఎర్ర గులాబీ రంగు ఆంథోసయనిన్లది. నీరు తగ్గేకొద్దీ అది చిక్కబడి, ముదురు ఎరుపు దాదాపు నలుపవుతుంది. నల్ల గులాబీలు కావాలని ఎవరూ అడగరు, కానీ చాలామందికి దక్కేవి అవే. అందుకే గులాబీని దాచాలనుకుంటే లేత రంగుది ఎంచుకోవడం మేలు. అది ముదిరినా గులాబీగానే ఉంటుంది.

ఎండబెట్టే పనే లేని పూలు రెండున్నాయి, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకటి బొగడబంతి. ఆ గుండ్రటి ఊదా బొండులో కనపడేవి రేకులు కావు, పుట్టుకతోనే కాగితంలా ఎండి ఉండే పూతపత్రాలు. కోసి పక్కన పెడితే నెలల తరబడి అదే రంగు. రెండోది గునుగు. తెలంగాణలో బతుకమ్మను పేర్చే పూలలో ఇదీ ముఖ్యమైనది. మన శెనక్కాయ చేలలో అదే గునుగు కలుపు, పీకి గట్టున పడేస్తారు. అక్కడ రంగులద్ది గౌరమ్మగా కొలిచిన పువ్వు ఇక్కడ గట్టు మీద పడి ఉంటుంది. రెజిన్ పని నేర్చుకునేవాళ్లు మొదట వీటితో మొదలుపెడితే డబ్బూ కన్నీళ్లూ మిగులుతాయి.

ఇక మల్లె. కదిరి మల్లెలకు ఎంత పేరుందో చెప్పనక్కర్లేదు. ఆ రోడ్డున బస్సెక్కినవాళ్లందరికీ ముందు ముక్కుకే తెలుస్తుంది. జనం దాచుకోవాలనుకునేది కూడా ఎక్కువగా మల్లెనే, ఎందుకంటే పూలజడలో ఉన్నది అదే. దాచడానికి అన్నిటికంటే మొండిది కూడా అదే. తెల్లటి రేకు చిన్న దెబ్బ తగిలినా గోధుమరంగు అవుతుంది. జడలో గుచ్చినప్పుడే సూది దెబ్బ పడి ఉంటుంది. మల్లె కావాలంటే దండలోది వద్దు. అదే తోటలోని గుచ్చని మొగ్గలు తెచ్చి, ఆ రోజే ఎండబెట్టాలి. అప్పుడు పాత దంతం రంగుకు వస్తుంది, పాలతెలుపు రాదు. వాసన ఎలాగూ రాదు. వాసన లేని మల్లె మల్లే కాదని కదిరివాళ్లు వాదిస్తే కాదనే ధైర్యం నాకు లేదు.

తెలుపు పోవడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. తెల్ల పువ్వులో తెల్ల రంగంటూ ఏమీ లేదు. రేకు లోపల కణాల మధ్య గాలి గదులుంటాయి. వాటి మీద పడిన వెలుగు నలుదిక్కులా చెదిరి మన కంటికి తెలుపుగా తోస్తుంది. పల్చటి రెజిన్ ఆ గదుల్లోకి ఇంకితే గాలి పోతుంది, చెదరడం ఆగుతుంది, రేకు పారదర్శకమవుతుంది. బజ్జీలు కట్టిన కాగితం మీద నూనె మరక పడినచోట అవతలి అక్షరాలు కనపడతాయే, అదే సంగతి. కనకాంబరానికీ ఈ బాధ ఉంది. కోశాక రెండు మూడు రోజులు వాడకుండా ఉండే మొండి పువ్వే గానీ రేకు మరీ పల్చన. ఎండిన పువ్వుకు ముందే పల్చగా వార్నిష్ పూతో, స్ప్రే పూతో వేసి ఆరనిస్తే గదుల తలుపులు మూసుకుంటాయి, రెజిన్ పైనే ఆగిపోతుంది.

ఎండబెట్టే పద్ధతి ముద్దబంతితో చెబుతాను, లోపలిదాకా ఎండటంలో అన్నిట్లో గడ్డు అదే. మనం ఒక్క పువ్వనుకునేది నిజానికి వందల చిన్న పూల గుంపు. ఒక్కో రేకునూ లాగి చూస్తే కింద నల్లటి సన్నని గింజ ఉంటుంది. అన్నీ కలిసి ఒక ఆకుపచ్చ గిన్నెలో కూర్చుంటాయి. తేమంతా ఆ గిన్నెలో దాక్కుంటుంది. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయాలి. ఏటి ఇసుకను సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటబడేదాకా కడిగి, బాగా ఎండబెట్టుకోవాలి. డబ్బాలో అంగుళం మందాన ఇసుక పోసి, పువ్వును నిటారుగా నిలబెట్టి, చెంచాతో పక్కల నుంచి ఇసుక పోస్తూ రావాలి. పైనుంచి పోస్తే రేకులు అణిగిపోతాయి. రేకు రేకుకూ మధ్యకు ఇసుక చేరాలి, డబ్బాను వేలితో తడుతూ ఉంటే చేరుతుంది. పువ్వు కనపడకుండా పోయాక మూత పెట్టకుండా నీడలో ఉంచాలి. నీడలో అన్నది గమనించాలి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. మనకు కావాల్సింది ఎండ కాదు, ఎండిన గాలి.

ఇసుక బదులు సిలికా జెల్ వాడితే వేగం ఎక్కువ. కొత్త చెప్పుల డబ్బాలో దొరికే చిన్న సంచుల్లో ఉండేది అదే. తన బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టుకోగలదు. పెద్ద గుండ్లు రేకుల మీద గుంతలు పెడతాయి కాబట్టి పువ్వులకు సన్నరకం కొనాలి. దీనికి మాత్రం మూత బిగించాలి, లేకపోతే ఊరి గాలిలో తేమంతా అదే తాగుతుంది. నారింజ రంగు గింజలు ఆకుపచ్చకు తిరిగితే కడుపు నిండిందని గుర్తు. వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. పెద్ద ఊళ్లలో కొందరు ఫ్రీజ్ డ్రైయింగ్ యంత్రాలు వాడతారు. పువ్వును గడ్డకట్టించి, గాలి తీసేసి, మంచును నీరు కానివ్వకుండానే ఆవిరి చేస్తాయి. రూపం చక్కగా నిలుస్తుంది. ధర వింటే మన రూపం మారుతుంది.

ఎండిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. రేకులు గలగలమంటున్నా గిన్నె పచ్చిగా ఉండొచ్చు. పువ్వును పారదర్శకమైన కవరులో పెట్టి మూతి బిగించి ఓ గంట ఎండలో ఉంచండి. కవరు లోపల ఆవిరి మసక కనపడితే ఇంకా ఎండాలి. ముదిగుబ్బ మిద్దె మీద ఈ పరీక్ష అబద్ధం చెప్పదు. కొరియర్లో దండ పంపేవాళ్లు చేసే తప్పు కూడా ఇక్కడే అర్థమవుతుంది: తాజా దండను పాలిథిన్ కవరులో చుట్టి పార్సిల్ వేస్తారు. అది చేరేసరికి లోపల బూజు పూసి ఉంటుంది. కాగితంలో చుట్టి, గాలాడే అట్టపెట్టెలో పంపాలి.

ఇప్పుడు రెజిన్. ఇది మనకు తెలియని వస్తువేం కాదు. చెవి విరిగిన కప్పును, పగిలిన దేవుడి బొమ్మను అతికించే అరాల్డైట్ దీని అన్న. 1940ల మధ్యలో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ దాన్ని బజారుకు తెచ్చింది. అప్పటి నుంచి రెండు ట్యూబుల లెక్క అలాగే ఉంది. ఒకదానిలో బిస్ఫినాల్-ఎ, ఎపిక్లోరోహైడ్రిన్‌లతో తయారైన ఎపాక్సీ, రెండోదానిలో అమీన్ అనే గట్టిపరిచేది. రెండూ కలిస్తే అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద వల అల్లుకుంటాయి. ముడిపడ్డాక విప్పలేం, కరిగించలేం. ముడికి ముడి జోడీ సరిపోవాలి కాబట్టి పాళ్లు ముఖ్యం. కొన్ని కంపెనీలవి రెండుకు ఒకటి, కొన్నిటివి మూడుకు ఒకటి. అదీ కొలతలోనా తూకంలోనా అన్నది సీసా మీద చదవాలి, రెండూ ఒకటి కావు. ‘ఇంకాస్త హార్డెనర్ వేస్తే తొందరగా గట్టిపడుతుంది’ అన్న సలహా ప్రతి ఊళ్లో ఒకరిస్తారు. జోడీ దొరకని అమీన్ లోపలే మిగిలి దిమ్మ ఎప్పటికీ జిడ్డుగా ఉంటుంది. ఉప్పు చూసి వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ముదిగుబ్బ గాలి ఎంత మేలు చేసిందో ముదిగుబ్బ వేడి ఇక్కడ అంత కీడు చేస్తుంది. ఈ ముడిపడటంలో వేడి పుడుతుంది. ఆ వేడికి ముడిపడటం ఇంకా వేగమవుతుంది. బయటి వేడి పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు పలచగా ఉండే మిశ్రమం మే నెల మధ్యాహ్నం పోసేలోపే బిగుసుకుంటుంది. గ్లాసు నిండా కలిపి పక్కన పెడితే పొగలొచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకే పూలు వేసవిలో ఎండబెట్టుకుని, సిలికా సంచితో సహా గాలి చొరని డబ్బాలో దాచుకుని, పోసే పని డిసెంబరు, జనవరిలో పెట్టుకోవడం ఉత్తమం. పెళ్లి ఏప్రిల్లో అయితే దిమ్మ సంక్రాంతికి వస్తుంది. కొత్త కోడలికి ఆలోపు వేరే పనులుంటాయి.

పోయడం పొరలుగా జరగాలి. ఎండిన పువ్వు తేలిక, ఒక్కసారే పోస్తే తేలుతుంది. ముందు సన్నని పొర, అది పాకం పట్టాక పువ్వును బోర్లించి కుదుర్చుకోవాలి. దాని మీద కుంచెతో కాస్త రెజిన్ రాసి మడతల్లోని గాలి పోగొట్టి, అప్పుడు రెండో పొర. చేతికి నైట్రైల్ గ్లోవ్స్, గదికి తెరిచిన కిటికీలు తప్పవు. పచ్చి రెజిన్ ఒంటికి పదే పదే తగిలితే దద్దురు పుట్టిస్తుంది. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుంటే మళ్లీ ఎప్పుడు తాకినా వస్తుంది. వంటగదిలో ఈ పని చేయొద్దు. కలిపిన గిన్నెలో మళ్లీ మజ్జిగ చిలకొద్దు.

ఇదంతా విని ఊళ్లో అవ్వ ఒకటే అడుగుతుంది: “వాడిపోయిన పూలు ఇంట్లో పెట్టుకుంటారా మే ఎవురైనా?” తీసిపారేయాల్సిన మాట కాదు. దేవుడికి పెట్టిన పువ్వు తెల్లారితే నిర్మాల్యం. దాన్ని తొక్కని చోట, చెట్టు మొదట్లోనో పారే నీళ్లలోనో వేయాలి. తిరుమలలో ఇంకా గట్టి నియమం. కొండ మీద పూసిన పూలన్నీ స్వామివే, ఆడవాళ్లు కూడా తలలో పెట్టుకోరు. స్వామికి వాడిన పూలను భక్తులకు ఇవ్వకుండా పూలబావిలో వేసే ఆచారం ఉండేది. అలాంటి తిరుమల తిరుపతి దేవస్థానమే 2021లో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయం చీనీ, నిమ్మ పరిశోధన కేంద్రంలో స్థానిక మహిళలకు నేర్పించి, ఆలయాల్లో వాడిన పూలను ఎండబెట్టి, వాటితో దేవుడి పటాలు, క్యాలెండర్లు, కీచైన్లు, పేపర్‌వెయిట్లు చేయించింది. 2022 మొదట్లో అవి అమ్మకానికి వచ్చాయి. అంతకు కొన్ని నెలల ముందే వాడిన పూలతో అగరబత్తీలు ఏడు కొండలకు గుర్తుగా ఏడు రకాలుగా వచ్చాయి. అంటే ఎండిన పువ్వు తొక్కుడుకు గురికాకుండా ఉంటే నియమం నిలిచినట్టేనని పెద్ద ఆలయమే దారి చూపింది. అవ్వ ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. ఆమెకు తిరుపతి చెప్పినా టీవీ చెప్పినా ఒకటే.

నాకున్న అభ్యంతరం ఆచారం మీద కాదు, మోతాదు మీద. గట్టిపడిన ఎపాక్సీ మట్టిలో కలవదు, మళ్లీ కరిగి ఇంకో వస్తువు కాదు. చెట్టు కింద వేసిన దండ వానకు ఎరువవుతుంది. దిమ్మ మనవళ్ల కాలానికీ దిమ్మగానే ఉంటుంది. అందుకని దండ మొత్తాన్నీ పలక సైజు ఫ్రేములో పోయించుకోవడం కంటే మూడు నాలుగు పూలు చాలు. మిగతావి చెట్టు మొదట్లో వేసేయొచ్చు. ఇది ఖర్చు పరంగా కూడా తెలివైన పనే. మామగారికి చెప్పేటప్పుడు పర్యావరణం అని చెప్పొచ్చు.

చేయించుకున్నాక కూడా కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎండ పడే కిటికీలో పెడితే అతినీలలోహిత కిరణాలకు దిమ్మ పసుపెక్కుతుంది. దాన్ని ఆలస్యం చేసే మందులు కలిపిన రెజిన్లున్నాయి, ఆపేవి లేవు. చేతిపని రెజిన్లు చాలావరకు యాభై, అరవై డిగ్రీల వేడికి మెత్తబడతాయి. మే నెలలో బస్టాండు దగ్గర నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద అది పెద్ద వేడేం కాదు. కీచైన్ వంగిపోతుంది, తయారుచేసిన అమ్మాయికి ఫోన్ వస్తుంది.

హెర్బేరియంవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటి మిగిలింది, చీటీ. పదేళ్లయ్యాక దిమ్మలోని చామంతి ఎవరి మాలలోదో ఇంట్లో ఇద్దరు ఇద్దరి పేర్లు చెబుతారు. పువ్వు పక్కనే కాగితం పెట్టి పోద్దామంటే దానికీ బజ్జీ కాగితం గతే, రెజిన్ ఇంకి అవతలి వైపు కనపడుతుంది, సిరా పాకుతుంది. దిమ్మ గట్టిపడి వారం గడిచాక, ఎవరిది, ఏ ఊరు, ఏ తేదీ అని మూడు ముక్కలు చీటీ మీద రాసి, అడుగున అరాల్డైట్ చుక్కతో అంటించండి.